సూరత్ పాతబస్తీలో మూడేళ్లు

స్కేల్ 3 ప్రమోషన్ల జాబితాలో నా పేరు చూసుకున్న సంతోషం సరిగ్గా నాలుగు రోజులు నిలిచింది. ఐదో రోజు పోస్టింగ్ ఆర్డరు వచ్చింది. సూరత్! మా వారు విజయవాడలో లెక్చరర్, ఆయన కదలడానికి వీల్లేదు. పాప నాలుగో తరగతి. అమ్మకు 71 ఏళ్లు, మోకాళ్ల నొప్పులు. బందరులో పుట్టి బందరులోనే పెరిగిన మనిషి, తెలుగు తప్ప ఇంకో భాష రాదు. నాన్న పోయాక నా దగ్గరే ఉంటోంది. నేనొక్కదాన్నే వెళ్లాలా, వీళ్లిద్దరినీ తీసుకెళ్లాలా, అసలు ప్రమోషనే వద్దనుకోవాలా? మన బ్యాంకులో పనిచేసే ఆడవాళ్లలో ఈ లెక్క వేసుకోనివాళ్లు తక్కువ. నేనైతే ప్రమోషన్ వదులుకుంటున్నానని లెటరు కూడా రాసి పెట్టుకున్నాను.

గుజరాత్‌లో పనిచేసి వచ్చిన సీనియర్ ఒకాయన ఆ సంగతి విని, "ఊరు చూడకుండా లెటరు ఇవ్వకమ్మా. వారం సెలవు పెట్టి ఒకసారి చూసి రా" అన్నారు. చూసి వచ్చాను. లెటరు ఇవ్వలేదు.

అలా మూడేళ్లు సూరత్ పాతబస్తీలో, తాపీ నది ఒడ్డున, 16వ శతాబ్దపు కోటకు నడిచి వెళ్లేంత దూరంలో కాపురం ఉన్నాం. ఈమధ్యే తిరిగి వచ్చాం. దూరపు పోస్టింగ్ అనగానే గుండె జారిపోయే మన కుటుంబాల కోసం ఆ ఊరి సంగతులు, అక్కడ ఉండటం ఎలా ఉంటుందన్న సంగతులు రాస్తున్నాను.

ఫ్లాటా, పాతిల్లా?

సూరత్‌లో కొత్తగా వచ్చే ఉద్యోగులు మామూలుగా అడాజన్, వేసు వైపు అపార్టుమెంట్లలో దిగుతారు. లిఫ్టు, పార్కింగు, సెక్యూరిటీ అన్నీ ఉంటాయి. నేనూ అవే చూశాను. కానీ చూసిన ప్రతి ఫ్లాటులోనూ నాకొకటే కనిపించింది: నేను బ్యాంకుకు వెళ్లాక తలుపు వేసుకుని, టీవీ ముందు ఒంటరిగా కూర్చున్న అమ్మ.

మా బ్రాంచి చౌక్ బజారుకు దగ్గర. అక్కడికి నడిచి వెళ్లగలిగే దూరంలో నాన్‌పురా అనే పాత పేట ఉంది. రెండు ఇళ్లు "మాంసాహారమా?" అన్న ప్రశ్న దగ్గరే ఆగిపోయాయి. బందరు మనుషులం, చేప తినమని అబద్ధం ఎలా చెబుతాం? మూడో ఇంటావిడ ఆ ప్రశ్న అడగలేదు. "మీ అమ్మగారు మెట్లు ఎక్కగలరా?" అని అడిగింది. ఎక్కలేరన్నాను. అయితే కింది భాగం ఇస్తానంది. ఆమెను వీధిలో అందరూ "బా" అంటారు. గుజరాతీలో బా అంటే అమ్మ, పెద్దావిడ.

ఇల్లు ముందు నుంచి చూస్తే చాలా ఇరుకు, లోపలికి వెళ్లే కొద్దీ పొడుగు. చెక్క స్తంభాలు, చెక్క దూలాలు, నిచ్చెనలాగా నిటారుగా ఉన్న మెట్లు. ఇంటి ముందు వీధికి ఆనుకుని ఒక అరుగు. దాన్ని అక్కడ "ఓట్లో" అంటారు. ఆ అరుగు చూడగానే అమ్మ మొహం విప్పారింది. "మన బందరు ఇల్లులాగే ఉందే" అంది. అదే మా లీజు ఇల్లయింది.

రేవు పెంచిన ఊరు

ఆ వీధుల్లో ఉంటూ కొన్నాళ్లకు నాకు అర్థమైంది, సూరత్ చరిత్ర తెలియకపోతే ఆ ఊరి మనుషుల తీరు కూడా అర్థం కాదని. అందుకే కాస్త వివరంగా చెబుతాను.

సూరత్ సముద్రం ఒడ్డున లేదు. తాపీ నది మీద, సముద్రానికి కొంత లోపలగా ఉంది. 16వ శతాబ్దం మొదట్లో మలిక్ గోపీ అనే సంపన్నుడు ఇక్కడ పెద్ద చెరువు తవ్వించి పేట కట్టించాడు. ఇప్పటికీ గోపీపురా, గోపీ తలావ్ అని ఆయన పేరే. ఊరు బాగుపడేసరికి పోర్చుగీసువాళ్ల కన్ను పడింది. 1512లోనూ 1530లోనూ ఊరిని తగలబెట్టారు. ఆ దెబ్బలు కాచుకోవడానికే గుజరాత్ సుల్తాను మూడో మహమూద్ 1540ల్లో నది ఒడ్డున కోట కట్టించాడు. ఆ పని చేయించిన ఖుదావంద్ ఖాన్ టర్కీ నుంచి వచ్చినవాడు. అంటే ఈ ఊరికి కాపలాగా నిలబడ్డ కోట కూడా పైనుంచి వచ్చినవాడి చేతి పనే.

1573లో అక్బరు సూరత్‌ను గెలిచాక మొఘల్ సామ్రాజ్యానికి ఇదే పెద్ద రేవు. హజ్‌కు వెళ్లేవారు ఇక్కడే ఓడ ఎక్కేవారు కాబట్టి మక్కాకు ద్వారం అని పేరు వచ్చింది. 1608 ఆగస్టులో విలియం హాకిన్స్ వచ్చిన హెక్టర్ అనే ఓడ సూరత్ దగ్గర లంగరు వేసింది. 1613లో ఇంగ్లీషు కంపెనీకి మొఘల్ ఫర్మానా వచ్చి ఇక్కడ కోఠీ స్థిరపడింది. పెద్ద ఓడలు నదిలోకి రాలేవు. ఇక్కడికి దగ్గర్లోని సువాలీ తీరంలో ఆగితే సరుకు పడవల మీదా బండ్ల మీదా ఊళ్లోకి వచ్చేది.

ఇది చదివి మన పాఠకుల్లో బందరువాళ్లు నవ్వుకుంటారని తెలుసు. ఇంగ్లీషువాళ్లు మచిలీపట్నంలో కోఠీ పెట్టింది 1611లో, అంటే సూరత్ ఫర్మానా కంటే రెండేళ్ల ముందే. డచ్చివాళ్లు ఇంకా ముందే దిగారు. తూర్పున మన బందరు, పడమర సూరత్ ఒకే కాలంలో వెలిగిన రేవులు. రెండింటికీ గుడ్డ వ్యాపారమే ప్రాణం. రెండూ తర్వాత వెనకబడ్డాయి. తాపీ ముఖద్వారం పూడుకుపోతూ వచ్చింది. 1687లో కంపెనీ తన పడమటి తీరపు ముఖ్య కార్యాలయాన్ని బొంబాయికి తరలించింది. మన బందరును 1864 ఉప్పెన కోలుకోలేని దెబ్బ తీసింది. తేడా ఒకటే: రేవు పోయినా సూరత్ గుడ్డను వదల్లేదు. మన గద్వాల, ధర్మవరం చీరల అంచుల్లో మెరిసే జరీలో చాలా వరకు ఇప్పటికీ సూరత్ నుంచి వచ్చేదే.

శిథిలాలు ఎక్కడ?

చరిత్ర ఉన్న ఊరు కదా అని నేను మొదట హంపీలాంటిది ఊహించుకుని వెళ్లాను. అలాంటిదేమీ లేదు. కాతార్‌గామ్ దర్వాజా అంటారు, అక్కడ దర్వాజా ఉండదు. సహారా దర్వాజా అంటారు, అక్కడా లేదు. శివాజీ 1664లోనూ 1670లోనూ సూరత్‌ను దోచుకున్న తర్వాత ఊరి చుట్టూ గట్టి గోడలు లేచాయి. ఊరు పెరిగేసరికి గోడలు పోయాయి, ద్వారాల పేర్లు బస్టాపులకు మిగిలాయి.

ఎందుకిలా? ఊళ్లో ఎక్కువ ఇళ్లు ఇటుక, చెక్కతో కట్టినవి. చెక్కకు నిప్పు శత్రువు, ఇటుకకు నీరు శత్రువు. 1837లో పెద్ద అగ్నిప్రమాదంలో ఊరు చాలా భాగం కాలిపోయింది. ఆ ఏడాదే వరద కూడా వచ్చింది. అందుకే ఇక్కడ పాతదంటే ఒక్కో కట్టడం కాదు, వీధి. ఇల్లు కాలితే అదే పునాది మీద, అదే ఇరుకులో, అదే అరుగుతో మళ్లీ కట్టుకున్నారు.

గట్టిగా నిలబడ్డవి రెండే రకాలు. ఒకటి కోట. మునిసిపల్ కార్పొరేషన్ దాన్ని బాగుచేసి మ్యూజియంగా మార్చింది. ఆదివారం సాయంత్రాలు పాపతో ఆ గోడల మీద నిలబడి తాపీని చూడటం మాకు అలవాటు. రెండోది, సమాధులు.

కంపెనీ ఉద్యోగుల గుమ్మటాలు

కాతార్‌గామ్ దర్వాజా దగ్గర ఇంగ్లీషువాళ్ల శ్మశానం, దానికి కొద్ది దూరంలో డచ్చివాళ్లదీ ఆర్మేనియన్లదీ ఉన్నాయి. మొదటిసారి చూసినప్పుడు ఏ నవాబు సమాధులో అనుకున్నాను. స్తంభాలు, గుమ్మటాలు, రెండంతస్తులు. చూస్తే జార్జ్ ఆక్సెండెన్, ఆయన సోదరుడు క్రిస్టఫర్. కంపెనీ ఉద్యోగులు! జార్జ్ ఇక్కడ కోఠీకి ప్రెసిడెంటు. 1664లో శివాజీ దాడి చేసినప్పుడు కోఠీని కాపాడినవాడు. క్రిస్టఫర్ 1659లో, జార్జ్ 1669లో ఇక్కడే పోయారు.

ఇంత పెద్దవి ఎందుకు కట్టారు? ఇక్కడ గొప్పవాళ్లకు గుమ్మటం కడతారని చూశారు. తామూ గొప్పవాళ్లమేనని ఊరికి చూపించాలి. ఇంగ్లీషువాళ్లు ఎత్తుగా కడితే డచ్చివాళ్లు ఇంకా ఎత్తుగా కట్టాలి. చనిపోయాక కూడా పోటీయే.

డచ్చి శ్మశానంలో అందరికంటే పెద్ద గుమ్మటం హెండ్రిక్ వాన్ రీడ్‌ది. ఆయన మలబారులో అధికారిగా ఉన్నప్పుడు అక్కడి వైద్యుల సాయంతో కేరళ మొక్కల మీద 12 సంపుటాల గ్రంథం తయారు చేయించాడు. దాని పేరు హోర్టస్ మలబారికస్. తర్వాత డచ్చి కంపెనీ ఆయన్ను తూర్పు దేశాల్లోని తన కోఠీల్లో అవినీతిని తనిఖీ చేయడానికి పంపింది. మన భాషలో చెప్పాలంటే ఇన్‌స్పెక్షన్‌కు వచ్చిన పెద్ద అధికారి. ఆ పని మీదే సూరత్‌కు వస్తూ 1691లో ఓడలోనే ప్రాణం విడిచాడు. మా బ్రాంచిలో ఈ కథ చెబితే, "మేడమ్, ఇన్‌స్పెక్టర్‌కు అంత పెద్ద గుమ్మటం కట్టారంటే సూరత్ కోఠీవాళ్లు ఎంత సంతోషించి ఉంటారో" అన్నాడు మా క్యాషియరు.

నవ్వుకున్నా, ఆ గుమ్మటాల మధ్య నిలబడితే నాకొకటి తట్టింది. వీళ్లంతా పోస్టింగు మీద వచ్చినవాళ్లే. ఇల్లు వదిలి, సముద్రం దాటి, భాష తెలియని ఊళ్లో లెక్కల పుస్తకాలు రాసినవాళ్లు. ఎప్పటికైనా తిరిగి వెళ్దామనే అనుకుని ఉంటారు. విజయవాడ రైలు ఉన్న నేను అదృష్టవంతురాలినే.

నానావట్: మన వృత్తికి పాత వీధి

బ్యాంకు కుటుంబాలు సూరత్ వెళితే తప్పకుండా ఒకసారి నడవాల్సిన పేట నానావట్. నాణెం మార్చేవారిని నానావటీ అంటారు, ఆ పేరే పేటకు వచ్చింది. వాళ్లనే ష్రాఫులనీ అనేవారు. మన షరాబు కూడా అదే మాట.

17వ శతాబ్దంలో ఇక్కడ వీర్జీ వోరా అనే వర్తకుడు ఉండేవాడు. ఆ కాలంలో ప్రపంచంలోని మహా సంపన్నుల్లో ఒకడని చెబుతారు. ఇంగ్లీషు కంపెనీకి డబ్బు చాలనప్పుడు అప్పు ఇచ్చింది ఆయనే. అంటే రాబోయే కాలంలో దేశాన్ని ఏలబోయే కంపెనీ ఒకప్పుడు సూరత్ షావుకారు దగ్గర లోన్ పార్టీ. 1664 దాడిలో ఆయన ఇల్లూ దోపిడీకి గురైంది. అయినా వ్యాపారం ఆపలేదు.

వీళ్ల పనిముట్టు హుండీ. మనకు హుండీ అంటే తిరుమల హుండీ. అక్కడ హుండీ అంటే డబ్బు చెల్లించమని రాసిన చీటీ. అది ఎలా పనిచేసేదో చిన్న ఉదాహరణతో చెబుతాను. సూరత్ వర్తకుడు ఆగ్రాలో నీలిమందు కొనాలి. వెండి నాణేలు బండిలో వేసుకెళితే దారిలో దొంగలు. అందుకని సూరత్‌లో ష్రాఫు దగ్గర సొమ్ము కట్టేస్తాడు. ష్రాఫు ఆగ్రాలో తనకు లెక్కలున్న ఇంకో ష్రాఫు పేర హుండీ రాసి ఇస్తాడు. ఆగ్రాలో అది చూపిస్తే సొమ్ము చేతికి వస్తుంది. మధ్యలో కొంత తరుగు, అదే ష్రాఫు ఆదాయం.

చూపగానే చెల్లించేది దర్శనీ హుండీ, గడువు తీరాక చెల్లించేది ముద్దతీ హుండీ. పరువున్న షావుకారు ద్వారా వస్తేనే చెల్లించేది షాజోగ్ హుండీ, అచ్చం మన క్రాస్డ్ చెక్కు లాంటిది. సరుకు క్షేమంగా చేరితేనే చెల్లించేది జోఖ్మీ హుండీ, అందులో ఇన్సూరెన్సు కూడా కలిసి ఉందన్నమాట. హుండీ పోతే నకలు ఇస్తారు, దాన్ని పేఠ్ అంటారు. అదీ పోతే మూడోది, పర్‌పేఠ్. సొమ్ము చెల్లించి రద్దు చేసిన హుండీ ఖోఖా. జేఏఐఐబీ పరీక్షకు ఇవన్నీ బట్టీ పట్టిన నేను, ఆ పదాలు పుట్టి తిరిగిన వీధిలో కూరగాయల సంచితో నడుస్తానని ఎప్పుడూ అనుకోలేదు. 1881 నాటి నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టం కూడా ఈ ఆచారానికి తలవంచింది. మన దేశభాషల్లో రాసిన ఇలాంటి పత్రాల విషయంలో స్థానిక వాడుకను చెడగొట్టబోనని ఆ చట్టం తన మొదటి సెక్షనులోనే చెబుతుంది.

హుండీకి పూచీ ఏమిటి? స్టాంపు కాదు, కోర్టు కాదు. ఎవరు ఎవరికి ఏమవుతారో, ఎవరి మాట ఎంత నిలుస్తుందో వీధికంతా తెలిసి ఉండటం. కేవైసీ అంటే కాగితాలని మనం అనుకుంటాం. వాళ్లకు కేవైసీ అంటే అరుగు.

ఉప్పా, చక్కెరా?

ఆ అరుగు మీదే అమ్మ గుజరాతీ నేర్చుకుంది. నేర్చుకుంది అంటే పూర్తిగా కాదు, పని జరిగేంత.

మొదటి నెలలో పక్కింటి అమ్మాయి గిన్నె పట్టుకొచ్చి "మీఠుం" అని అడిగింది. మీఠా అంటే తీపి కదా అని అమ్మ గిన్నెనిండా చక్కెర పోసి పంపింది. గుజరాతీలో మీఠుం అంటే ఉప్పు. ఆ సాయంత్రానికి వీధంతా ఆ కథే. మర్నాటి నుంచి ఆ దారిన పోయే ప్రతివాళ్లూ "కేమ్ ఛో, మాసీ?" అని పలకరించి, నవ్వి, ఏదో ఒక మాట నేర్పి వెళ్లేవారు. తప్పు చేయకపోతే అంత తొందరగా కలిసేవాళ్లం కాదేమో.

పప్పులో బెల్లం వేస్తారని అమ్మకు చివరిదాకా కోపమే. కానీ చలికాలంలో బండ్ల మీద లేత జొన్నగింజలు కాల్చి "పోంక్" అని అమ్ముతుంటే చూసి, "ఇది మన ఊచబియ్యం కదే!" అని రోడ్డు మీదే అరిచినంత పని చేసింది. చిన్నప్పుడెప్పుడో తిన్న రుచి. బియ్యం కొలిచినట్టు కొలిచి కొనుక్కొచ్చింది.

కాశీలో చావు, సూరత్‌లో భోజనం దొరకాలని గుజరాతీలకు సామెత. నిజమే. పొద్దున్నే ఆవిరి మీద ఉడికిన లోచో, చలికాలంలో ఉంధియూ, శరత్ పూర్ణిమ మర్నాడు చాందీ పడ్వో పండుగకు నేతిలో ముంచిన ఘారీ. మా నాన్‌పురాలోనే డచ్చివాళ్లు వెళుతూ తమ బేకరీని పార్శీ పనివాడికి అప్పగిస్తే అక్కడే నాన్‌ఖటాయీ పుట్టిందని ఊరివాళ్లు చెబుతారు. నది అవతల రాందేర్‌లో బర్మాతో వ్యాపారం చేసినవాళ్లు తెచ్చిన నూడుల్స్ వంటకం "ఖావ్‌సా" అయింది. బయటివాళ్లు వచ్చి తిని వెళ్లడం కాదు, వచ్చి తమ వంట కూడా ఇచ్చి వెళ్లిన ఊరు ఇది. మా వంతుగా అమ్మ ఇచ్చింది పులిహోర. ఇప్పుడు ఆ వీధిలో మూడిళ్లలో చేస్తారు, కాస్త చక్కెర వేసి.

సరాయిలో మునిసిపాలిటీ

చౌక్ నుంచి కొంచెం లోపలికి వెళితే మొగలీసరా అనే చోట సూరత్ మునిసిపల్ కార్పొరేషన్ ముఖ్య కార్యాలయం ఉంది. ఆ భవనం షాజహాన్ కాలంలో, 1644లో, ప్రయాణికుల కోసం కట్టిన సరాయి. తర్వాత కొన్నాళ్లు జైలు. 1867 నుంచి మునిసిపాలిటీ. ఊరిని పాలించే కార్యాలయం ఒకప్పుడు పరదేశులు పడుకుని వెళ్లిన సత్రం అన్నమాట.

ఆ కార్యాలయంలో మన తెలుగు అధికారి ఒకరి పేరు ఇప్పటికీ గౌరవంగా తలుచుకుంటారు. 1994 సెప్టెంబరులో సూరత్‌లో ప్లేగు వచ్చింది. రోజుల వ్యవధిలో లక్షల మంది ఊరు వదిలి పారిపోయారు. మరుసటి ఏడాది కమిషనర్‌గా వచ్చిన సూర్యదేవర రామచంద్రరావు గారు, అందరూ ఎస్.ఆర్.రావు అనేవారు, అధికారులు రోజూ పొద్దున్నే వీధుల్లో తిరగాలని, ఆ తర్వాతే ఆఫీసులో కూర్చోవాలని పద్ధతి పెట్టారు. జోన్ల అధికారులకు అక్కడికక్కడే నిర్ణయించే అధికారం ఇచ్చారు. రెండేళ్లు తిరగకముందే సూరత్ దేశంలో పరిశుభ్రమైన నగరాల్లో ఒకటిగా పేరు తెచ్చుకుంది. 1998లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. నేను తెలుగుదాన్నని తెలియగానే మా బా అన్న మొదటి మాట, "రావ్ సాహెబ్ ఊరా?"

ఉకాయ్ గేట్లు ఎత్తిన రాత్రి

రెండో ఏడు వానాకాలం. బ్రాంచిలో ఇన్‌స్పెక్షన్ నడుస్తోంది, రాత్రి తొమ్మిదైనా వదల్లేదు. ఆ సాయంత్రం నుంచే ఫోన్ల నిండా ఒకటే కబురు: ఉకాయ్ నుంచి నీళ్లు వదులుతున్నారు.

ఉకాయ్ ఆనకట్ట సూరత్‌కు సుమారు 100 కిలోమీటర్ల ఎగువన తాపీ మీద ఉంది. ఎగువన వానలు ఎక్కువై గేట్లు ఎత్తితే ఆ నీళ్లన్నీ ఊరి మధ్య నుంచే సముద్రానికి పోవాలి. 2006 ఆగస్టులో అలాగే జరిగి ఊళ్లో ఎక్కువ భాగం మునిగింది. మేమున్న ఇంటి కింది గదిలో గోడ మీద బా ఆ నీటిమట్టానికి గీత గీసి ఉంచింది. నా ఛాతీ దాకా వస్తుంది.

వానలో పరుగులాంటి నడకతో పది దాటాక ఇల్లు చేరాను. కింది భాగం ఖాళీ! బియ్యం డబ్బా, గ్యాసు బండ, మిక్సీ, పాప పుస్తకాలు, నా సర్టిఫికెట్ల పెట్టె అన్నీ పై అంతస్తుకు చేరిపోయి ఉన్నాయి. వీధిలో కుర్రాళ్లు నలుగురు వచ్చి గంటలో మోసేశారట. అమ్మను కుర్చీలో కూర్చోబెట్టి కుర్చీతో సహా ఎత్తి ఆ నిటారు మెట్ల మీదుగా పైకి తీసుకెళ్లారట. పైకి వెళ్లేసరికి పాప నిద్రపోతోంది. అమ్మ, బా ఒకే మంచం మీద కూర్చుని మాట్లాడుకుంటున్నారు. ఒకరిది తెలుగు, ఒకరిది గుజరాతీ. అమ్మ 1977 దివిసీమ ఉప్పెన చెబుతోంది, ఆ రాత్రి మా బందరు ఇంట్లో ఎంతమంది తలదాచుకున్నారో వేళ్ల మీద లెక్కపెట్టి చూపిస్తోంది. బా 2006 చెబుతోంది, చేత్తో ఛాతీ దగ్గర గీత గీస్తోంది. ఇద్దరికీ అన్నీ అర్థమవుతున్నాయి.

ఆ రాత్రి నీళ్లు రాలేదు. మర్నాడు సామానంతా మళ్లీ దించుకున్నాం. "రాకపోవడమే మంచిది, మోయడం ఏముంది" అంది బా. మేము ఫ్లాటులో ఐదో అంతస్తులో ఉండి ఉంటే నీటి భయమే ఉండేది కాదు, నిజమే. కానీ తలుపు కొట్టే మనిషీ ఉండేవాడు కాదేమో.

లింబాయత్‌లో తెలుగు

సూరత్‌లో తెలుగు వినాలంటే ఎక్కువ దూరం పోనక్కర్లేదు. లింబాయత్, ఉధనా వైపు వెళితే చాలు. తెలంగాణ జిల్లాల నుంచి వచ్చిన పద్మశాలి కుటుంబాలు తరాలుగా అక్కడి పవర్‌లూముల మీద పనిచేస్తున్నాయి. మార్కండేయ గుడి, బతుకమ్మ పండుగ అన్నీ ఉన్నాయి. మునిసిపల్ కార్పొరేషన్ తెలుగు మీడియం బడులు కూడా నడుపుతోంది. గుజరాత్‌లో ప్రభుత్వ ఖర్చుతో తెలుగు అక్షరాలు దిద్దుతున్న పిల్లల్ని చూసి అమ్మ బలపాల డబ్బా కొనిచ్చి వచ్చింది.

అక్కడ ఒక పెద్దాయన, "ఏడికెళ్లి వచ్చిండ్రమ్మా?" అని అడిగాడు. బందరు అంటే, "గంత దూరమా!" అని ఆశ్చర్యపోయాడు. ఆయన సూరత్ వచ్చి నలభై ఏళ్లట. ప్రతి నెలా ఊరికి డబ్బు పంపడానికి మొదట్లో మనియార్డరు, తర్వాత బ్యాంకు, ఇప్పుడు మనవడి ఫోను. హుండీ చేసిన పనే ఇది. చీటీ మారింది, నమ్మకం అవసరం మారలేదు.

వెళ్లేవారికి నాలుగు మాటలు

విజయవాడ, వరంగల్ మీదుగా అహ్మదాబాద్ వెళ్లే నవజీవన్ ఎక్స్‌ప్రెస్ సూరత్‌లో ఆగుతుంది. ఒక రాత్రి, దాదాపు ఒక పూర్తి పగలు ప్రయాణం. మా వారు మూడేళ్లూ ఆ రైలునే నమ్ముకున్నారు. చూడటానికి వెళ్లేవారికి నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా మంచి కాలం, పోంక్ కూడా దొరుకుతుంది. కోట, గోపీ తలావ్, నానావట్, సమాధులు నెమ్మదిగా చూస్తే రెండు రోజులు చాలు. వేళలు ముందే కనుక్కోండి. ఎల్ఎఫ్‌సీలో సోమనాథ్, ద్వారక వెళ్లే కుటుంబాలు దారిలో కలుపుకోవచ్చు.

కాపురానికి వెళ్లేవారు పాతబస్తీలో ఇల్లు చూసుకునేటప్పుడు మూడు అడగండి: నీళ్లు ఎన్ని గంటలకు వస్తాయి, 2006లో నీరు ఎంత ఎత్తు వచ్చింది, పండుగ రోజుల్లో వీధిలోకి ఆటో వస్తుందా. కష్టాలూ ఉన్నాయి. పార్కింగు దొరకదు, చెక్క ఇంట్లో చెదలు, రాత్రి పదకొండైనా వీధిలో సందడి. పాప చదువుకు హెడ్‌ఫోన్లు కొనాల్సి వచ్చింది. వీటికి సిద్ధపడితేనే వెళ్లండి.

తిరిగి వచ్చే రోజు ఉదయం అమ్మ, బా అరుగు మీద కూర్చుని ఏమీ మాట్లాడుకోలేదు. ఆటో వచ్చాక బా లోపలికి వెళ్లి చిన్న పొట్లం తెచ్చి అమ్మ చేతిలో పెట్టింది. రైల్లో విప్పి చూస్తే ఉప్పు. అమ్మ చాలాసేపు నవ్వింది, తర్వాత కళ్లు తుడుచుకుంది.

నేను రాసి పెట్టుకున్న ఆ లెటరు ఇంకా నా ఫైల్లోనే ఉంది. ఈ ఏడు ప్రమోషన్ వచ్చి, దూరపు పోస్టింగు పడి, అలాంటి లెటరు రాస్తున్న చెల్లెళ్లు ఎవరైనా ఉంటే ఒక్కసారి నాకు ఫోన్ చేయండి. సూరత్ అయితే, ఇల్లు నేనే చూపిస్తాను.